మెరైన్ బయాలజీ చదివిస్తే ఉద్యోగం వస్తుందా? ఏ కాలేజీలో చేర్పించాలి?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మీది ఖమ్మం. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ కోచింగ్‌కి వెళ్తోంది కానీ మనసు అక్కడ లేదు. డాల్ఫిన్లు, తాబేళ్ళు, పగడపు దిబ్బలు అంటూ మెరైన్ బయాలజీయే చదువుతానంటోంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు డిగ్రీలోనే ఆ కోర్సు ఉందని, వారంలో అడ్వాన్స్ కడితే సీటు ఉంచుతామని ఫోన్లు చేస్తున్నారు. బంధువులొకరు "చేపల చదువుకి లక్షలు పోస్తావా" అన్నారు. ఏ కాలేజీ మంచిది, చదివాక ఏం ఉద్యోగం అని మీ ప్రశ్న.

ముందు ఆ అడ్వాన్స్ కట్టకండి. మిగతాదంతా తీరిగ్గా మాట్లాడుకుందాం.

నా గురించి రెండు ముక్కలు. మాది కాకినాడ పక్క ఊరు. ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ చేసి ఇరవై ఏళ్ళు దాటింది. మొదటి ఉద్యోగం రొయ్యల హేచరీలో, అంటే రొయ్య పిల్లల్ని పుట్టించి పెంచే చోట, తర్వాత రేవుల్లో తిరిగి చేపల లెక్కలు రాసే ప్రాజెక్టులో, ఆ తర్వాత పీహెచ్‌డీ. ఇప్పుడు చేస్తున్నది పరిశోధన. ఏటా నలుగురైదుగురు ఎమ్మెస్సీ పిల్లలు ప్రాజెక్టు కోసం నా దగ్గరికి వస్తారు. వాళ్ళని చూసి చెబుతున్న మాటలే ఇవి.

మన దగ్గర ఈ చదువుకు రెండు తలుపులున్నాయి. ఏ తలుపులోంచి వెళ్ళాలో తేల్చుకోవాల్సింది ఇంటర్ అయిన వెంటనే. కాలేజీ పేరు కంటే ఇదే ముఖ్యం. చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి డిగ్రీ పూర్తయ్యాక తెలుస్తుంది.

మొదటిది బీఎఫ్ఎస్సీ, అంటే ఫిషరీస్ డిగ్రీ. నాలుగేళ్ళు. వ్యవసాయ, పశువైద్య విద్య లాగే ఇది ప్రొఫెషనల్ కోర్సు. మనం ఇప్పటికీ ఎంసెట్ అని పిలిచే ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో సీటు ఇస్తారు. తెలంగాణలో వనపర్తి జిల్లా పెబ్బేరులో ఫిషరీస్ కాలేజీ ఉంది, పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. ఆంధ్రలో నెల్లూరు జిల్లా ముత్తుకూరు కాలేజీ పాతది, 1991 నుంచి ఉంది. ఇవికాక దేశంలోని ప్రభుత్వ ఫిషరీస్ కాలేజీల్లో కొన్ని సీట్లు అఖిల భారత కోటాలో ఉంటాయి, వాటిని సీయూఈటీ అనే జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా నింపుతారు. మంగళూరు, తూత్తుకుడి, కొచ్చి అలా దొరకొచ్చు. పెబ్బేరు సముద్రానికి వందల కిలోమీటర్ల దూరం కదా అని మీ అమ్మాయి ముఖం చిట్లిస్తుంది. చిట్లించనివ్వండి. ఆ డిగ్రీ చేతిలో ఉంటే తర్వాత ఎంఎఫ్ఎస్సీకి, అంటే ఫిషరీస్ పీజీకి, ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్ఈకి వెళ్ళొచ్చు, సముద్రం అక్కడ గోడ పక్కనే ఉంటుంది.

రెండోది మామూలు బీఎస్సీ. జువాలజీ ఉండాలి, దానికి తోడు బోటనీయో కెమిస్ట్రీయో మైక్రోబయాలజీయో. ఆ తర్వాత ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ. నేను వెళ్ళింది ఈ దారినే.

తేడా ఎక్కడ వస్తుందంటే, బీఎఫ్ఎస్సీ చదివినవాళ్ళకు ఎంఎఫ్ఎస్సీ ఉంది, చాలాచోట్ల ఎమ్మెస్సీకి కూడా అర్హత ఉంటుంది. బీఎస్సీ చదివినవాళ్ళకు ఎంఎఫ్ఎస్సీ తలుపు దాదాపు మూసినట్టే. రాష్ట్ర మత్స్యశాఖలో ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసర్ లాంటి పోస్టులు పడినప్పుడు బీఎఫ్ఎస్సీ వాళ్ళు కళ్ళు మూసుకుని దరఖాస్తు పెడతారు. ఎమ్మెస్సీ వాళ్ళు నోటిఫికేషన్‌లో అర్హతల పేరా నాలుగుసార్లు చదువుకోవాలి. నేను అలా చదువుకున్నదాన్నే. నా క్లాస్‌మేట్ ఒకతను ఎమ్మెస్సీలో గోల్డ్ మెడల్ కొట్టి కూడా, ఒక పోస్టుకి డిగ్రీ పేరు సరిపోలేదని అప్లికేషన్ దగ్గరే ఆగిపోయాడు. కాబట్టి అమ్మాయికి ఈఏపీసెట్‌లో ర్యాంకు వస్తే, ఉద్యోగ భద్రత గురించే మీ టెన్షన్ అయితే, బీఎఫ్ఎస్సీ తీసుకోమనే చెబుతాను. నీట్‌కి చదువుతున్న సిలబస్సే దీనికీ పనికొస్తుంది, అదనంగా పోయేది పరీక్ష ఫీజు మాత్రమే.

మరి బీఎస్సీ దారి ఎవరికి? పరిశోధన తప్ప ఇంకేమీ వద్దనే పిల్లలకు. చేపలు పెంచడం, అమ్మడం మీద ఆసక్తి లేకుండా ప్లవకాలు (నీళ్ళలో తేలుతూ బతికే చిన్న జీవులు, ప్లాంక్టన్), పగడాలు, సముద్రపు అడుగు జీవులు, తిమింగలాలు అని తిరిగేవాళ్ళకు. వాళ్ళకు ఫిషరీస్ సిలబస్‌లోని చెరువు నిర్వహణ, వలల తయారీ, శీతలీకరణ విసుగు పుట్టిస్తాయి. వీళ్ళు డిగ్రీని ఇంటి దగ్గర మంచి ప్రభుత్వ కాలేజీలోనో, హైదరాబాద్‌లోనో చేసినా నష్టం లేదు. డిగ్రీలోనే "మెరైన్ బయాలజీ" అనే పేరు ఉండాల్సిన పని అస్సలు లేదు. పునాది గట్టిగా ఉంటే చాలు: జంతుశాస్త్రం, జీవరసాయనం, గణాంకాలు.

ఆ ప్రైవేటు కోర్సు వద్దని ఎందుకన్నానంటే, అలాంటి ఒకచోట చదివిన అమ్మాయి రెండేళ్ళ క్రితం నా దగ్గరికి ప్రాజెక్టుకి వచ్చింది. పేరెందుకులెండి. మూడేళ్ళకు వాళ్ళ నాన్న కట్టిన ఫీజుతో మా ఊళ్ళో చిన్న ఇల్లు కట్టొచ్చు. బ్రోచర్ మీద స్కూబా డైవింగ్ ఫోటో. మూడేళ్ళలో సముద్రానికి తీసుకెళ్ళింది రెండుసార్లు, అందులో ఒకటి పిక్నిక్. ల్యాబ్‌లో ఫార్మలిన్ సీసాల్లో చేపలు తెల్లబడిపోయి, లేబుళ్ళు చెరిగిపోయి ఉండేవట. పాపం తెలివైన పిల్లే. ప్లాంక్టన్ వల చేతికిస్తే ఎటు పట్టుకోవాలో తెలియక నిలబడింది. ఆ తప్పు ఆ పిల్లది కాదు.

ఇక ఎమ్మెస్సీ కాలేజీలు. పేర్లు చెబుతాను, కానీ ర్యాంకింగ్ అడగొద్దు. నా లెక్క వేరుగా ఉంటుంది. ఊరిని చూసి ఎంచుకోండి. ఆ ఊళ్ళో ఆ కాలేజీ ఒక్కటే ఉందా, చుట్టూ సముద్రం మీద పనిచేసే సంస్థలున్నాయా అన్నది చూడాలి. ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఎక్కడ చేశారన్నదే తర్వాత పదేళ్ళు వెంట వస్తుంది.

ఆ లెక్కన నా మొదటి ఓటు కొచ్చికి. కుశాట్ అని పిలిచే కొచ్చి శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ ఉంది, వాళ్ళ సొంత ప్రవేశ పరీక్ష రాయాలి. కేరళ మత్స్య, సముద్ర అధ్యయన విశ్వవిద్యాలయం కూడా అక్కడే, పనంగాడ్‌లో. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అదే సీఎంఎఫ్ఆర్ఐ, ప్రధాన కార్యాలయం అక్కడే. చేపల ప్రాసెసింగ్, వలల మీద పనిచేసే సీఐఎఫ్‌టీ అక్కడే. ఎగుమతులు చూసే ఎంపెడా అక్కడే. సాగర్ సంపద అనే పరిశోధన నౌకను నడిపే సీఎంఎల్ఆర్ఈ అక్కడే. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, అంటే ఎన్ఐఓ, ప్రాంతీయ కేంద్రమూ ఉంది. సిటీ బస్సెక్కి గైడ్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఇన్ని సంస్థలు ఒకే ఊళ్ళో ఉండటం దేశంలో ఇంకెక్కడా లేదు.

రెండో ఓటు మన వైజాగ్‌కి. సొంత ఊరి మీద ప్రేమ అనుకోకండి, మాది కాకినాడ అని ముందే చెప్పాను. బంగాళాఖాతం మీద విశ్వవిద్యాలయ స్థాయి పరిశోధన ఊపందుకున్నది 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే. యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త అప్పట్లో వచ్చి ఇక్కడి వాళ్ళతో కలిసి పనిచేశారు. యూనివర్సిటీకి కూతవేటు దూరంలో ఎన్ఐఓ, సీఎంఎఫ్ఆర్ఐ, సీఐఎఫ్‌టీల ప్రాంతీయ కేంద్రాలు, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా స్థావరం, పెద్ద ఫిషింగ్ హార్బర్. మన దేశంలో సముద్రంలో పంజరం కట్టి చేపలు పెంచే ప్రయోగం 2007లో మొదలైంది వైజాగ్ తీరంలోనే, పండుగప్పతో. ఇక్కడ ఆటుకి నీళ్ళు తీసినప్పుడు రాళ్ళ మధ్య గుంటల్లో కనబడే జీవాలు చాలు, ఒక సెమిస్టర్ పాఠాలకు సరిపోతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ సీటు ఏపీ పీజీసెట్ ద్వారా. మీది తెలంగాణ కాబట్టి నాన్‌లోకల్ సీట్ల నిబంధనలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి.

తమిళనాడులో చిదంబరం దగ్గర పరంగిపేట ఉంది. అన్నామలై విశ్వవిద్యాలయం మెరైన్ బయాలజీ కేంద్రం. ఈ సబ్జెక్టులో దేశంలోకెల్లా పేరున్న పాత చోటు. వెల్లార్ నది సముద్రంలో కలిసే చోట కట్టారు, ల్యాబ్ పక్కనే పోటుకి ఉప్పునీరు, ఆటుకి బురద. కాస్త దూరంలో పిచ్చావరం మడ అడవులు. ఊరు చిన్నది, సినిమాకి వెళ్ళాలన్నా చిదంబరం పోవాలి. చదువుకోవడానికి అదే మంచిదని నా అభిప్రాయం, మీ అమ్మాయి అభిప్రాయం వేరుగా ఉండొచ్చు.

పగడాలే కావాలంటే అండమాన్. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం వాళ్ళ ఓషన్ స్టడీస్, మెరైన్ బయాలజీ విభాగం పాండిచ్చేరిలో ఉండదు, పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఇప్పుడు ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. సీయూఈటీ పీజీ రాయాలి. నీళ్ళల్లోకి దిగితే చాలు పగడాలు. కానీ ఇంటికి రావాలంటే విమానమో, మూడు రోజుల ఓడో. దగ్గర్లో వేరే సంస్థలు తక్కువ. ఆ ఒంటరితనం కొందరికి పడుతుంది, కొందరు మొదటి వర్షాకాలంలోనే డీలా పడతారు.

గోవాలో ఎన్ఐఓ ప్రధాన కేంద్రం ఉంది, ఆ సంస్థను 1966లో పెట్టారు. ధ్రువ ప్రాంతాల పరిశోధన సంస్థ కూడా గోవాలోనే. గోవా యూనివర్సిటీలో సముద్ర శాస్త్రాల కోర్సులున్నాయి. నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో మెరైన్ బయాలజీ విభాగం ఉంది. చుట్టూ రొయ్యల చెరువులు, హేచరీలు, కొంత దూరంలో పులికాట్ సరస్సు. ఫీజు తక్కువ, ఆక్వా రంగంలో స్థిరపడాలనుకునేవాళ్ళకు బాగుంటుంది.

ఏ కాలేజీ అయినా సరే, చేరే ముందు మీరే స్వయంగా వెళ్ళండి. వెళ్ళి ప్రిన్సిపాల్ గదిలో కూర్చోవద్దు. సెకండియర్ పిల్లల్ని క్యాంటీన్‌లో పట్టుకోండి. పోయిన నెలలో ఎన్నిసార్లు ఫీల్డుకి వెళ్ళారో అడగండి. ల్యాబ్‌లో పారే సముద్రపు నీళ్ళ ఏర్పాటు ఉందా, పడవ సొంతమా అద్దెదా, అద్దెదైతే డబ్బులు ఎవరిస్తారు? పాఠాలు చెప్పేవాళ్ళలో రెగ్యులర్ లెక్చరర్లు ఎంతమంది, గెస్ట్ ఫ్యాకల్టీ ఎంతమంది? పేరున్న డిపార్ట్‌మెంట్లు కూడా ఖాళీలతో చప్పబడిపోయిన సందర్భాలు చూశాను. ముప్పై ఏళ్ళ కిందటి పేరు మీ అమ్మాయికి పాఠం చెప్పదు కదా. అన్నిటికంటే ముఖ్యం, మూడేళ్ళ క్రితం పాసైన బ్యాచ్ ఇప్పుడెక్కడుంది? పదిమంది పేర్లు, పదిమంది పని. ఆ జవాబు గలగలా వస్తే మంచి చోటు. నసిగితే మీకే అర్థమవుతుంది.

ఇక ఉద్యోగాలు. ఇక్కడ కాస్త కటువుగా చెప్పక తప్పదు.

డాల్ఫిన్ల మీద పనిచేసి జీతం తీసుకునేవాళ్ళు మన దేశంలో చాలా కొద్దిమంది. డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థలో, సీఎంఎఫ్ఆర్ఐలో కొందరు, కొన్ని స్వచ్ఛంద సంస్థల్లో కొందరు. బెంగళూరు దక్షిణ్ ఫౌండేషన్ లాంటివి మంచి పనే చేస్తాయి కానీ ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళు జీతం. ఆ కోరిక చంపుకోమనను. దాని మీదే ఇల్లు గడవాలని మాత్రం లెక్క వేసుకోవద్దు.

జీతాలు ఇచ్చేది ఎక్కువగా రొయ్య. ఆంధ్ర తీరమంతా భీమిలి నుంచి కాకినాడ, చీరాల, ఒంగోలు, నెల్లూరు దాకా హేచరీలు. భీమవరం చుట్టూ చెరువులు, మేత కంపెనీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు, నీళ్ళ పరీక్షల ల్యాబులు. ఎమ్మెస్సీ అవగానే ఉద్యోగం కావాలంటే ఇక్కడ దొరుకుతుంది. మొదట్లో జీతం తక్కువే, గది, భోజనం వాళ్ళే ఇస్తారు. నిద్ర మాత్రం ఇవ్వరు. నాప్లియస్, జోయియా, మైసిస్, పోస్ట్ లార్వా అని రొయ్య పిల్ల ఎదిగే దశలు, ఒక్కో దశకు ఒక్కో రకం మేత, అదీ గంటల లెక్కన.

నా హేచరీ రోజుల్లో ఒక రాత్రి షిఫ్టు. రెండు గంటలైంది. కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోపు ట్యాంకు మీది టార్పాలిన్ ఎత్తి చూశాను. లోపల నీళ్ళు నీలి ఆకుపచ్చ రంగులో మెరుస్తున్నాయి. చేయి పెట్టి కదిపితే వేళ్ళ చుట్టూ వెలుగు. పుస్తకంలో చదివింది కళ్ళతో చూస్తున్నానని మురిసిపోయి, పక్క ట్యాంకు దగ్గరున్న టెక్నీషియన్‌ను పిలిచాను. ఆయన వచ్చి చూసి అలాగే గట్టు మీద కూలబడ్డాడు. అది విబ్రియో బ్యాక్టీరియా వెలుగు. తెల్లారేసరికి లక్షల రొయ్య పిల్ల చచ్చి అడుగుకి చేరింది. బ్లీచింగ్ పోసి ట్యాంకు వదిలేశాం. నాకు ఆ రాత్రి ఏమర్థమైందంటే, జబ్బుల మీద పనిచేసేవాళ్ళకు ఈ రంగంలో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్యను నేలమట్టం చేసింది, 2009లో వనామీ అనే విదేశీ రొయ్య రకం వచ్చాక మళ్ళీ చెరువులు నిండాయి, ఆ వెనకే కొత్త జబ్బులూ వచ్చాయి. మైక్రోబయాలజీ, పీసీఆర్ (జబ్బు క్రిముల్ని డీఎన్ఏ బట్టి పట్టే పరీక్ష) పని చేతికి బాగా వచ్చిన పిల్లలు నా ఎరుకలో ఎవరూ ఖాళీగా లేరు.

అయితే రొయ్య మీద బతికేవాళ్ళకు రొయ్య కష్టాలూ ఉంటాయి. ఎక్కువ సరుకు పోయేది అమెరికాకి. 2025లో అక్కడ సుంకాలు పెంచగానే ఇక్కడ చెరువు గట్టు మీద ధర పడిపోయింది, ధర పడగానే కంపెనీలు కొత్తవాళ్ళను తీసుకోవడం తగ్గించాయి. ఈ ఆటుపోట్లు ముందే తెలిసి ఉండటం మంచిది.

ప్రాసెసింగ్ ప్లాంట్లలో క్వాలిటీ విభాగం ఇంకో దారి. ఎగుమతి సరుకులో యాంటీబయాటిక్ అవశేషాలు, బ్యాక్టీరియా పరీక్షలు. పని చల్లటి గదుల్లో, కాళ్ళ మీద నిలబడి. అమ్మాయిలు చాలామంది చేస్తున్నారు, కొందరు పైకి ఎదిగారు కూడా.

పరిశోధన వైపు అయితే ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష. లైఫ్ సైన్సెస్ పేపర్ రాయాలి. అందులో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, వస్తే నెలకు 37,000, ఇంటి అద్దె అలవెన్సు వేరే. రెండేళ్ళ తర్వాత 42,000. అంటే పీహెచ్‌డీ చదువుకి మీరు డబ్బులు పెట్టనక్కర్లేదు, వాళ్ళే ఇస్తారు. "చేపల చదువుకి లక్షలు" అన్న ఆ బంధువుకి ఈ మాట చెప్పండి. తర్వాత ఎన్ఐఓ లాంటి సంస్థల్ని నడిపే సీఎస్ఐఆర్‌లో సైంటిస్ట్ అయితే మూలవేతనం 67,700 దగ్గర మొదలవుతుంది, సీఎంఎఫ్ఆర్ఐ లాంటి సంస్థల్ని నడిపే ఐసీఏఆర్‌లో ఏఆర్ఎస్ అనే శాస్త్రవేత్తల ఎంపిక పరీక్ష రాసి చేరితే 57,700. చెప్పడానికి తేలిగ్గా ఉంది కానీ, పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో తెలియదు. పీహెచ్‌డీ అయి, ప్రాజెక్టు అసోసియేట్‌గా ఏళ్ళు గడుపుతున్న మంచి శాస్త్రవేత్తలు నాకు తెలుసు. నేనూ గడిపాను. ముప్పై దాటాక స్థిరపడతానంటే ఇంట్లో ఓపిక పట్టగలరా, పెళ్ళి పెళ్ళి అని తొందర పెడతారా? ఇది కాలేజీ ఎంపిక కంటే పెద్ద ప్రశ్న, మీరు మీ భార్య కూర్చుని మాట్లాడుకోండి.

మీరు ఊహించని ఇంకో చోటు చెబుతాను. ఇన్‌కాయిస్. సముద్రం మీద పనిచేసే సంస్థ, ఉండేది మాత్రం హైదరాబాద్ శివార్లలో ప్రగతినగర్ వైపు. సునామీ హెచ్చరికలు ఇచ్చేది వీళ్ళే. ఉపగ్రహాలు పంపే సముద్రపు ఉష్ణోగ్రత, నీటిలోని పత్రహరితం లెక్కలు చూసి ఏ వైపు వెళ్తే చేపలు దొరకొచ్చో మత్స్యకారులకు రోజూ చెప్పేదీ వీళ్ళే. ఇక్కడికి వెళ్ళాలంటే జీవశాస్త్రం ఒక్కటే చాలదు. ప్రోగ్రామింగ్, రిమోట్ సెన్సింగ్ రావాలి.

ఈ మాటని బైపీసీ పిల్లలకు ప్రత్యేకంగా చెబుతాను. లెక్కల నుంచి తప్పించుకోవడానికి బైపీసీ తీసుకున్నవాళ్ళే ఎక్కువ. సముద్రంలో ఎన్ని చేపలున్నాయో ఎవరూ లెక్కపెట్టలేరు, పట్టినవాటిని బట్టి అంచనా కట్టాలి, అదంతా గణాంకాలే. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఆర్ (R) అనే కంప్యూటర్ భాషలో డేటా చూడగలిగినవాళ్ళకు వెంటనే ఏదో ఒక ప్రాజెక్టులో చోటు దొరుకుతుంది. చేపల్ని గుర్తుపట్టడం వచ్చినవాళ్ళకు కూడా. అలాంటివాళ్ళు ఏటా తగ్గిపోతున్నారు. పోర్టులకు, చమురు బావులకు పర్యావరణ అనుమతుల నివేదికలు రాసే కన్సల్టెన్సీలు అడుగు బురదలోని పురుగుల్ని గుర్తుపట్టేవాళ్ళ కోసం వెతుక్కుంటాయి. మీ అమ్మాయికి రెండూ వస్తే, నేనే ఫోన్ చేసి పిలుస్తాను.

విదేశాల సంగతి క్లుప్తంగా. ఆస్ట్రేలియాలో జేమ్స్ కుక్, ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్, ప్లిమత్, నార్వేలో బెర్గెన్, అన్నీ మంచివే. అప్పు చేసి మాస్టర్స్‌కి పంపడం నాకు ఇష్టం లేదు, ఐటీ వాళ్ళలాగా రెండేళ్ళలో తీర్చేసే జీతాలు ఈ సబ్జెక్టులో అక్కడా ఉండవు. యూరప్ వాళ్ళిచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే పంపండి. లేదా ఇక్కడ ఎమ్మెస్సీ చేసి, ఒకటి రెండు పేపర్లు వేసుకుని, జీతమిచ్చే పీహెచ్‌డీకి వెళ్ళమనండి.

ఆడపిల్ల, పడవలు, రాత్రిళ్ళు అని మీరు చివర్లో ఒక వాక్యం రాశారు. నేనూ ఆడపిల్లనే. ఇప్పుడు పరిశోధన నౌకల్లో నెల రోజుల యాత్రలకు అమ్మాయిలు వెళ్తున్నారు, వాళ్ళకు వేరే క్యాబిన్లు ఉంటాయి. చిన్న మరబోట్లలో బాత్రూమ్ ఉండదు, అది నిజమైన ఇబ్బంది, దాచను. రేవులో మొదటి వారం వింతగా చూస్తారు. రెండో వారం నుంచి "మేడమ్ వచ్చింది, జాగా ఇవ్వండ్రా" అంటారు. అన్నట్టు, ఈత నేర్పించండి. ఖమ్మంలో స్విమ్మింగ్ పూల్ ఉంటే ఈ వేసవిలోనే.

చివరిగా ఒక పని చేయండి. కాలేజీ ఎంచుకునే ముందు అమ్మాయిని ఒకసారి వైజాగ్ హార్బర్‌కి తీసుకురండి. నా మొదటి నెలలో అక్కడ పాఠం చెప్పింది వేలం పాడే ఒక పెద్దావిడ. చేతిలో గుర్తుపట్టే పుస్తకం పట్టుకుని ఒక ఎర్రటి చిన్న చేపను తిప్పి తిప్పి చూస్తున్నాను. ఆవిడ బుట్ట దించి, "ఏటమ్మా అంతసేపు? గెడ్డం కింద రెండు మీసాలున్నాయా నేదా? గులివింద" అని వెళ్ళిపోయింది. పుస్తకంలో రెండు పేజీల వర్ణన చివర కూడా ఆ రెండు మీసాలే ఉన్నాయి. కోనెం, చందువ, కవ్వళ్ళు, నెత్తళ్ళు, పారలు, అన్నీ అక్కడే నేర్చుకున్నాను. ఆ వాసన, ఆ బురద, ఐసు నీళ్ళు, అరుపులు రెండు గంటలు చూశాక మీ అమ్మాయి "ఇదేమిటి నాన్నా, డాల్ఫిన్లేవి" అంటే సరే, ఇంకో చదువు చూడండి. వంగి ఏదో ఒక చేపను చేతిలోకి తీసుకుని పేరు అడిగిందంటే మీరు నాకు మళ్ళీ రాయండి, అప్పుడు ఏ తలుపన్నది కలిసి తేల్చుకుందాం.

రాత్రి ఖమ్మంలో గోదావరి ఎక్కితే తెల్లవారుజామున వైజాగ్‌లో దిగుతారు, వేలం టైముకి సరిగ్గా సరిపోతుంది. దసరా సెలవుల్లో రండి. సంక్రాంతికి బోట్లన్నీ పండగ చేసుకుంటాయి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, హార్బర్ ఖాళీగా ఉంటుంది. స్లిప్పర్లు వద్దు, జారతాయి. తిరుగు ప్రయాణానికి వేరే జత బట్టలు పెట్టుకోండి.